యూనిక్స్‌లో ఫైల్ వ్యవస్థల మౌంటింగ్: ఒక చారిత్రక పరిశీలన

పరిచయం

పెన్ డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెట్టగానే తెరపై ఒక చిన్న బొమ్మ వస్తుంది. దాన్ని నొక్కితే మీ ఫైళ్లు కనిపిస్తాయి. పని అయ్యాక తీయబోతే, ముందు సురక్షితంగా తొలగించమని కంప్యూటర్ అడుగుతుంది. చాలామంది ఆ మాట పట్టించుకోకుండా డ్రైవ్‌ను లాగేస్తారు. ఎక్కువసార్లు ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి మాత్రం నెలల తరబడి రాసుకున్న ప్రాజెక్టు నివేదిక తెరుచుకోదు. అప్పుడు తప్పు పెన్ డ్రైవ్‌ది అనుకుంటాం.

ఆ చిన్న సూచన వెనుక యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఈ పాఠంలో దాన్ని తెలుసుకుందాం. యూనిక్స్‌లోనూ, దాని సంప్రదాయంలో వచ్చిన లైనక్స్ వంటి వ్యవస్థల్లోనూ ఒక డిస్కును వాడుకలోకి తేవడాన్ని మౌంట్ చేయడం అంటారు. వాడుక నుంచి తప్పించడం అన్‌మౌంట్. వాడుకలో ఉండగానే దాని షరతులు మార్చడం రీమౌంట్. పరీక్ష కోసమైతే ఈ మూడు నిర్వచనాలు కంఠస్థం చేస్తే సరిపోతుంది. కానీ ఇవి మూడూ ఒకే రోజున ఒకే మనిషికి తట్టినవి కావు. మొదటిదాని వల్ల గొప్ప సౌలభ్యం కలిగింది. దానితోపాటే ఒక ప్రమాదం కూడా వచ్చింది: డిస్కుపై ఉన్న లెక్క ఒకటి, కంప్యూటర్ జ్ఞాపకంలో ఉన్న లెక్క మరొకటి కావడం. మిగిలిన రెండింటి చరిత్ర ఎక్కువ భాగం ఆ ప్రమాదాన్ని అదుపులో పెట్టే ప్రయత్నమే. చదువుతున్నంతసేపూ ఈ విషయాన్ని మనసులో ఉంచుకోండి.

మౌంట్ అనే మాట ఎక్కడిది

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ, వారి సహచరులు పీడీపీ-7 అనే చిన్న యంత్రంపై యూనిక్స్‌కు పునాది వేశారు. ఫైళ్లను డైరెక్టరీలలో అమర్చే ఆలోచన అప్పటికే మల్టిక్స్ అనే పెద్ద వ్యవస్థలో ఉంది. వీరిద్దరూ అంతకుముందు ఆ మల్టిక్స్ పథకంలో పనిచేసినవారే. అయితే పీడీపీ-7 నాటి యూనిక్స్‌లో గీతలు పెట్టి రాసే పూర్తి మార్గనామాలు కూడా లేవు. ఏ ఫైలు పేరు ఇచ్చినా మీరు ఉన్న డైరెక్టరీలోనే వెతికేది.

1971లో పని పీడీపీ-11 యంత్రానికి మారింది. ఆ మొదటి యంత్రంలో ప్రధాన జ్ఞాపకం 24 కిలోబైట్లు, డిస్కు 512 కిలోబైట్లు. ఇవాళ మీ ఫోనుతో తీసే ఒక్క ఫోటో కూడా ఆ డిస్కులో పట్టదు. అదే ఏడాది నవంబరు 3 తేదీతో వెలువడిన మొదటి యూనిక్స్ ప్రోగ్రామర్ల కరదీపికలో మౌంట్, యుమౌంట్ రెండూ ఉన్నాయి. కెర్నల్‌ను అడిగే సేవలకు వరుస సంఖ్యలు ఉంటాయి. అందులో మౌంట్‌ది 21, యుమౌంట్‌ది 22. ఇరవై ఏళ్ల తరువాత ఇంటెల్ 386 యంత్రాల కోసం లైనక్స్ రాసినప్పుడు కూడా ఆ సేవలకు అవే సంఖ్యలు ఇచ్చారు. అన్‌మౌంట్ ఆజ్ఞ పేరులో మొదటి ‘ఎన్’ అక్షరం లేకపోవడం కూడా ఆనాటి నుంచి వస్తున్నదే. కొత్త విద్యార్థులు అది ముద్రణదోషం అనుకొని పూర్తి పేరు టైపు చేస్తారు, యంత్రం ఒప్పుకోదు. మీరు ఆ పొరపాటు చేయకండి.

మౌంట్ అన్న మాట మాత్రం యూనిక్స్ వాళ్లు పుట్టించింది కాదు. ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలో ఆపరేటర్ అనే ఉద్యోగి ఉండేవాడు. టేపు చుట్టనో, పళ్లెం అంత వెడల్పున్న డిస్కు కాట్రిడ్జినో బీరువాలోంచి తీసి, డ్రైవ్ ఇరుసుపై ఎక్కించి, మూత వేసి, మోటారు ఆన్ చేయడం అతని పని. దాన్నే మౌంట్ చేయడం అనేవారు. చేతులతో చేసే పని అది. యూనిక్స్ తొలి కరదీపికలు మౌంట్‌ను వర్ణించిన తీరు చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. వాటి ప్రకారం ఆ ఆజ్ఞ డిస్కును తగిలించదు, తగిలించిన సంగతిని వ్యవస్థకు ప్రకటిస్తుంది. మనిషి చేసిన పనిని కెర్నల్‌కు తెలియజేయడమే దాని పాత్ర. యుమౌంట్ కూడా అటువంటి ప్రకటనే: ఇక ఆ డిస్కును తీయబోతున్నాను అని.

ఇప్పుడు మనం తీగ పెట్టగానే డిస్కు వచ్చిందని యంత్రమే గుర్తిస్తుంది కాబట్టి మొదటి ప్రకటన అవసరం తగ్గింది. రెండోది మాత్రం యంత్రం తనంతట తాను ఊహించలేదు. మీరు ఎప్పుడు లాగుతారో దానికి ఎలా తెలుస్తుంది?

చెట్టు ఒకటే, డిస్కులు అనేకం

1974 జూలైలో రిచీ, థాంప్సన్‌లు అమెరికా కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం పత్రికలో యూనిక్స్‌పై ప్రసిద్ధ వ్యాసం ప్రచురించారు. అప్పటి వారి యంత్రం పీడీపీ-11/45. దానికి 10 లక్షల బైట్ల స్థిర డిస్కు ఒకటి, ఒక్కొక్కటి 25 లక్షల బైట్లు పట్టే మార్చదగిన కాట్రిడ్జిల డ్రైవ్‌లు నాలుగు, 4 కోట్ల బైట్ల డిస్కు ప్యాక్ డ్రైవ్ ఒకటి ఉండేవి. వ్యవస్థ మూలం, అంటే రూట్ డైరెక్టరీ, చిన్నదే అయినా వేగం ఎక్కువైన స్థిర డిస్కుపై ఉండేది. వాడుకదారుల ఫైళ్లున్న పెద్ద డిస్కును యంత్రం మొదలయ్యేటప్పుడే ఒక ప్రోగ్రాం మౌంట్ చేసేది. నాలుగు చిన్న డ్రైవ్‌లనూ ఎవరి కాట్రిడ్జిలు వారు తెచ్చి మౌంట్ చేసుకోవడానికి వదిలారు.

ఇందులో కొత్త ఏమిటి? ఇన్ని డిస్కులున్నా వాడుకదారుకు కనిపించే చెట్టు ఒకటే. ఏ ఫైలైనా రూట్ నుంచి మొదలయ్యే మార్గంలోనే ఉంటుంది. అది ఏ డిస్కుపై ఉందో ప్రోగ్రాం తెలుసుకోనక్కర లేదు. పాత డిస్కు చాలక పెద్ద డిస్కు కొన్నారనుకోండి, ఫైళ్లను దానిపైకి మార్చి, దాన్ని అదే చోట మౌంట్ చేస్తే చాలు. ప్రోగ్రాముల్లో ఒక్క అక్షరం మార్చే పని లేదు.

దీన్ని సీపీ/ఎం అనే వ్యవస్థతో పోల్చి చూడండి. 1970ల మధ్యలో గ్యారీ కిల్డాల్ చిన్న కంప్యూటర్ల కోసం రాసిన ఆ వ్యవస్థలో ప్రతి డ్రైవ్‌కూ ఒక అక్షరం: ఏ, బీ అని. ఎంఎస్-డాస్, ఆ తరువాత విండోస్ దీన్నే అందిపుచ్చుకున్నాయి. మీ కంప్యూటర్‌లో ‘సీ డ్రైవ్’ అని నేటికీ కనిపించేది ఆ వారసత్వమే. ఇక్కడ ఫైలు పేరులో పరికరం పేరు భాగమైపోయింది. కొన్ని పుస్తకాలు అక్షరాల పద్ధతిని తెలివితక్కువదిగా చిత్రిస్తాయి. నేను ఒప్పుకోను. రెండు ఫ్లాపీ డ్రైవ్‌లున్న, ఒక్కరే వాడుకునే యంత్రానికి అది చక్కగా సరిపోయే ఏర్పాటు. ఇరవై మంది ఒకేసారి పనిచేసే యంత్రానికి మాత్రం అది చాలదు. విండోస్ కూడా 2000 నాటికి ఒక డిస్కును మరో డిస్కులోని ఫోల్డర్ కింద తగిలించే సౌకర్యం చేర్చుకుంది.

అలాగని యూనిక్స్ చెట్టులో ప్రతి కొమ్మా ఆలోచించి నాటింది కూడా కాదు. లైనక్స్‌లో యు-ఎస్-ఆర్ అనే మూడక్షరాల డైరెక్టరీ మీరు చూసే ఉంటారు. అందులో ప్రోగ్రాములు ఉంటాయి. పేరు చూస్తే వాడుకదారు అనే అర్థం వస్తుంది, లోపల మాత్రం వాడుకదారులు ఉండరు. ఎందుకు? మొదట్లో అది నిజంగానే వాడుకదారుల ఫైళ్లుండే రెండో డిస్కు. రూట్ ఉన్న చిన్న డిస్కు నిండిపోయాక ప్రోగ్రాములను కూడా చోటున్న ఆ రెండో డిస్కుపైకి జరిపారు. తరువాత వాడుకదారులకు వేరే చోటు చూపించారు. పేరు మాత్రం మిగిలిపోయింది. డిస్కు చాలక చేసిన సర్దుబాటు అర్ధ శతాబ్దం తరువాత పాఠ్యపుస్తకాల్లో సూత్రంలా కనిపిస్తోంది.

ఒకే చెట్టు అన్న నియమానికి ఒక మినహాయింపు ఉంది. ఒకే ఫైలుకు రెండు పేర్లు పెట్టే లింకు సౌకర్యం ఒక ఫైల్ వ్యవస్థ హద్దు దాటదు. 1974 వ్యాసంలోనే దీనికి కారణం చెప్పారు: కాట్రిడ్జిని తీసేసినప్పుడు దానిలోకి చూపిస్తున్న పేర్లన్నిటినీ వెతికి తొలగించాలంటే లెక్కలు మితిమీరిపోతాయి. ఒక పెద్ద ఫైలును అదే డిస్కులో ఒక డైరెక్టరీ నుంచి మరో దానికి మారిస్తే రెప్పపాటులో అయిపోతుంది. మరో మౌంట్‌లోకి మారిస్తే నిమిషాలు పడుతుంది. మొదటిదానిలో పేరు మాత్రమే మారుతుంది, రెండోదానిలో ఫైలు మొత్తాన్ని నకలు చేసి పాతదాన్ని చెరపాలి. పైకి కనిపించని హద్దు ఇక్కడ బయటపడుతుంది.

కెర్నల్ లోపల జరిగేది

ఇది ఎలా పనిచేస్తుందో చూడడానికి 1975లో వచ్చిన యూనిక్స్ ఆరో ఎడిషన్ మంచి ఉదాహరణ. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ తన విద్యార్థుల కోసం దాని కెర్నల్ మొత్తానికి వ్యాఖ్యానం రాశారు. లైసెన్సు ఆంక్షల వల్ల అది ఏళ్ల తరబడి జిరాక్సు ప్రతుల రూపంలోనే చేతులు మారింది.

ప్రతి ఫైలుకూ డిస్కుపై ఐనోడ్ అనే ఒక చిన్న నమోదు ఉంటుంది. ఫైలు ఎవరిది, ఎంత పెద్దది, డిస్కుపై ఎక్కడెక్కడ ఉంది అన్నవి అందులో ఉంటాయి. పేరు మాత్రం ఉండదు. పేరు డైరెక్టరీలో ఉంటుంది: ఫలానా పేరుకు ఫలానా ఐనోడ్ సంఖ్య అని. ప్రతి ఫైల్ వ్యవస్థకూ సొంత ఐనోడ్ సంఖ్యలు ఉంటాయి కాబట్టి, సంఖ్య ఒక్కటే చెబితే చాలదు, ఏ పరికరమో కూడా చెప్పాలి. ఒకే తలుపు నంబరు రెండు ఊళ్లలో ఉండవచ్చు కదా.

ఇప్పుడు యుఎస్ఆర్ అనే డైరెక్టరీపై రెండో డిస్కును మౌంట్ చేశారనుకుందాం. కెర్నల్ మూడు పనులు చేస్తుంది. రెండో డిస్కు సారాంశమైన సూపర్‌బ్లాక్‌ను జ్ఞాపకంలోకి తెచ్చుకుంటుంది. తన మౌంట్ పట్టికలో ఒక వరుస రాసుకుంటుంది. జ్ఞాపకంలో ఉన్న యుఎస్ఆర్ ఐనోడ్‌పై దీనిమీద మరొకటి మౌంట్ అయి ఉందని ఒక గుర్తు పెడుతుంది. ఆరో ఎడిషన్‌లో ఈ పట్టికకు ఐదు వరుసలే.

తరువాత ఎవరైనా యుఎస్ఆర్‌లోని రాము అనే డైరెక్టరీలో ఉన్న లెక్కలు అనే ఫైలును అడిగితే, కెర్నల్ రూట్ నుంచి ఒక్కో మెట్టు నడుస్తుంది. యుఎస్ఆర్ ఐనోడ్‌ను తీసుకోబోయి దానిపై గుర్తు చూస్తుంది. వెంటనే పట్టికలో వెతికి, ఆ ఐనోడ్‌కు బదులు రెండో డిస్కులోని 1వ ఐనోడ్‌ను, అంటే ఆ డిస్కు మూలాన్ని, చేతిలోకి తీసుకుంటుంది. అక్కడినుంచి నడక మామూలే. చదివే ప్రోగ్రాముకు దారి మళ్లిన సంగతే తెలియదు. మొత్తం కనికట్టు ఈ ఒక్క మలుపులో ఉంది. కెర్నల్‌లో దానికి అయ్యే రాత కొన్ని పంక్తులే.

రెండో డిస్కు వచ్చి కూర్చున్నాక, అంతకుముందు యుఎస్ఆర్ డైరెక్టరీలో ఉన్న ఫైళ్లు ఏమవుతాయి? వాటికి ఏమీ కాదు. అన్‌మౌంట్ చేస్తే మళ్లీ కనిపిస్తాయి. ఈలోగా వాటికి దారి ఉండదు, అవి ఆక్రమించిన చోటు మాత్రం అలాగే ఉంటుంది. డిస్కు నిండిపోయిందని యంత్రం అంటుంది, ఎంత వెతికినా పెద్ద ఫైలు కనిపించదు. అటువంటప్పుడు మౌంట్ కాకముందు ఆ డైరెక్టరీలో ఏదైనా రాసుకుపోయిందేమో చూడండి. అనుభవమున్న నిర్వాహకులు కూడా దీని దగ్గర గంటలు పోగొట్టుకుంటారు.

మౌంట్ చేసే అధికారం ఎవరికి ఉండాలి అన్నది కూడా ఇక్కడి ప్రశ్నే. యూనిక్స్‌లో కొన్ని ప్రోగ్రాములకు, నడిపేవారు ఎవరైనా సరే, వాటి యజమాని అధికారాలు వచ్చే ఏర్పాటు ఉంది. నేను ఇంట్లో నా డిస్కుపై, సర్వాధికారి యజమానిగా ఉన్న అటువంటి ప్రోగ్రామును తయారుచేసి తెచ్చి, మీ యంత్రంపై మౌంట్ చేయగలిగితే మీ యంత్రం నా చేతికి వచ్చినట్టే. అందుకే మౌంట్ సర్వాధికారికే పరిమితమైంది. బయటి డిస్కులను మౌంట్ చేసేటప్పుడు ఆ ఏర్పాటును రద్దుచేసే ఐచ్ఛికం కూడా వచ్చింది. మీ లైనక్స్ యంత్రం పెన్ డ్రైవ్‌ను తానే మౌంట్ చేసినప్పుడు సాధారణంగా ఈ ఐచ్ఛికంతోనే చేస్తుంది.

రెండు లెక్కలు

ఇప్పుడు మొదట చెప్పిన ప్రమాదానికి వద్దాం. డిస్కు చాలా నెమ్మదైన పరికరం. అందువల్ల ప్రతి చిన్న మార్పునూ కెర్నల్ వెంటనే డిస్కుపై రాయదు. కొంతసేపు జ్ఞాపకంలోని బఫర్లలో ఉంచి, తీరిక చూసుకొని రాస్తుంది. ఖాళీ బ్లాకుల లెక్క ఉండే సూపర్‌బ్లాక్ కూడా జ్ఞాపకంలోనే మారుతూ ఉంటుంది. దుకాణంలో గుమాస్తా చిట్టాలో గబగబా రాసుకొని రాత్రికి ఖాతా పుస్తకంలోకి ఎక్కించినట్టన్నమాట. రాత్రి కాకముందే చిట్టా పోతే ఖాతా పుస్తకం తప్పే చూపుతుంది.

జ్ఞాపకంలోని లెక్కను డిస్కుకు ఎక్కించమని చెప్పే పిలుపు పేరు సింక్. యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో అప్‌డేట్ అనే ఒక చిన్న ప్రోగ్రాం నిరంతరం నడుస్తూ ప్రతి 30 సెకన్లకూ సింక్‌ను పిలిచేది. అంటే కరెంటు పోతే మీరు పోగొట్టుకునేది సుమారు అర నిమిషం పని. ఆ అర నిమిషంలో సగం రాసిన డైరెక్టరీ ఉంటే నష్టం అంతటితో ఆగదు.

యుమౌంట్ చేసేది ముఖ్యంగా ఈ లెక్క తేల్చడమే. ఆరో ఎడిషన్ కెర్నల్ ముందుగా అన్నిటినీ డిస్కుకు ఎక్కిస్తుంది. తరువాత ఆ పరికరానికి చెందిన ఐనోడ్ ఏదైనా ఇంకా వాడుకలో ఉందేమో చూస్తుంది. ఒక్కటి ఉన్నా పరికరం పనిలో ఉందన్న లోపసందేశం ఇచ్చి నిరాకరిస్తుంది. మీరు ఇప్పటికీ లైనక్స్‌లో చూసే సందేశం ఇదే. ఎవరో ఫైలు తెరిచి ఉంచారు, లేదా మీరే ఆ డైరెక్టరీలో నిలబడి దాన్ని తీయమంటున్నారు. కొమ్మమీద కూర్చొని కొమ్మను నరకబోయినవాడి కథ గుర్తుందిగా.

సీపీ/ఎం ఇదే ప్రమాదాన్ని మరో విధంగా ఎదుర్కొంది. చెప్పకుండా ఫ్లాపీ మార్చితే అది డైరెక్టరీలోని తేడాను పసిగట్టి, ఆ డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే పరిమితం చేసేది. కంట్రోల్-సీ నొక్కి కొత్తగా మొదలుపెట్టేదాకా రాయనిచ్చేది కాదు. పాత ఫ్లాపీ లెక్కను కొత్త ఫ్లాపీపై రాస్తే రెండూ పాడవుతాయన్న సంగతి ఆ చిన్న వ్యవస్థకూ తెలుసు.

చదవడానికి మాత్రమే అన్న షరతు యూనిక్స్ మౌంట్‌లోనూ తొందరగానే వచ్చింది. ఏడో ఎడిషన్ కరదీపికలో దీని గురించి ఒక విచిత్రమైన హెచ్చరిక ఉంది. రాతనిరోధం పెట్టిన డిస్కును తప్పనిసరిగా ఆ షరతుతోనే మౌంట్ చేయాలి, లేకుంటే మీరు ఏమీ రాయకపోయినా లోపాలు వస్తాయి. కారణం ఏమంటే, యూనిక్స్ ప్రతి ఫైలునూ చివరిసారి ఎప్పుడు చదివారో కూడా నమోదు చేస్తుంది. చదవడమే ఒక రాత! ఈ నమోదు భారమై, దాన్ని తగ్గించే ఐచ్ఛికాలు తరువాత వచ్చాయి. లైనక్స్ 2009లో ఆ సమయాన్ని ప్రతిసారీ కాక అవసరమైనప్పుడే రాసే పద్ధతిని సాధారణ నియమంగా చేసుకుంది.

రీమౌంట్ అవసరం ఎందుకు వచ్చింది

కరెంటు పోయాక డిస్కును పరీక్షించి సరిచేయాలి. మొదట్లో దీనికి వేర్వేరు చిన్న ప్రోగ్రాములు ఉండేవి. ఆ తరువాత టెడ్ కోవాల్స్కీ రాసిన ఎఫ్ఎస్‌సీకే అనే ప్రోగ్రాం వాటి స్థానం తీసుకుంది. ఇతర డిస్కుల విషయంలో ఇబ్బంది లేదు: అన్‌మౌంట్ చేసి, సరిచేసి, మళ్లీ మౌంట్ చేయవచ్చు. రూట్ సంగతి ఏమిటి? సరిచేసే ప్రోగ్రాం కూడా రూట్ డిస్కుపైనే ఉంది. దాన్ని తీసేస్తే ప్రోగ్రాం ఎక్కడినుంచి నడుస్తుంది?

అందువల్ల ఎఫ్ఎస్‌సీకే రూట్‌ను, మౌంట్ అయి ఉండగానే, కెర్నల్‌కు తెలియకుండా పరికరంపై నేరుగా రాసి సరిచేసేది. అప్పుడు డిస్కుపై సరైన లెక్క, కెర్నల్ జ్ఞాపకంలో పాత తప్పు లెక్క. ఈ స్థితిలో సింక్ జరిగితే పాత తప్పు కొత్త ఒప్పుపై పడుతుంది. కాబట్టి పని ముగించాక ఆ ప్రోగ్రాం నక్షత్రపు గుర్తుల మధ్య పెద్దక్షరాలతో, సింక్ చేయకుండా వెంటనే యూనిక్స్‌ను మళ్లీ బూట్ చేయమని హెచ్చరించేది.

ఈ హెచ్చరిక విలువ నేను ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. 1980ల చివరలో నేను పరిశోధక విద్యార్థిని. మా కంప్యూటర్ కేంద్రంలో ఒక యూనిక్స్ మినీ కంప్యూటర్ ఉండేది. వేసవిలో కరెంటు కోతలు, బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి. ఒక మధ్యాహ్నం యంత్రం పడిపోయింది. కరెంటు వచ్చాక ఎఫ్ఎస్‌సీకే నడిపాం, నలభై నిమిషాలు పట్టింది, ఆ హెచ్చరిక వచ్చింది. ఆపరేటర్ మంచివాడు, జాగ్రత్తపరుడు. యంత్రం ఆపేముందు మూడుసార్లు సింక్ కొట్టాలని అతనికి నేర్పారు. ఆనాడు అందరికీ అలాగే నేర్పేవారు. అతని వేళ్లు అలవాటుగా సింక్, సింక్, సింక్ అని కొట్టేశాయి. నేను పక్కనే ఉండి చూశాను, నాకూ ఏమీ తట్టలేదు. యంత్రం మళ్లీ లేచేసరికి సరిచేసినదంతా చెడింది. రూట్‌ను టేపుల నుంచి తిరిగి నింపడానికి రెండు రోజులు పట్టింది. వాటిలో నా గణనల ఫైళ్లున్న టేపు మూడు వారాల కిందటిది. జాగ్రత్త కోసం నేర్పిన అలవాటే హాని చేసిన ఆ సందర్భాన్ని తరగతిలో ఏటా చెప్పేవాణ్ణి.

ఈ చిక్కుకు పరిష్కారం రీమౌంట్. యంత్రం మొదలయ్యేటప్పుడు రూట్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తారు. కెర్నల్‌కు ఆ డిస్కుపై రాసే హక్కు లేదు కాబట్టి తప్పు లెక్క డిస్కుకు ఎక్కే ప్రసక్తి లేదు. ఎఫ్ఎస్‌సీకే నిశ్చింతగా పరీక్షిస్తుంది. అంతా బాగుంటే, అన్‌మౌంట్ చేయకుండానే, అదే మౌంట్‌ను చదవడానికీ రాయడానికీ వీలుగా మారుస్తారు. 1990 దశకపు బర్క్లీ యూనిక్స్‌లో ఇది మౌంట్ ఆజ్ఞకు తాజాపరచు అనే అర్థమున్న ఐచ్ఛికంగా కనిపిస్తుంది. లైనక్స్‌లో దాని పేరే రీమౌంట్. 1994 మార్చిలో లైనక్స్ 1.0 విడుదలయ్యేనాటికే అది ఉంది. యంత్రం ఆపేటప్పుడు ఇదే వరుస తిరగబడుతుంది. రూట్‌ను అన్‌మౌంట్ చేయడం కుదరదు గనుక, లైనక్స్ 1.0లో రూట్‌ను అన్‌మౌంట్ చేయమంటే కెర్నల్ దాన్ని చదవడానికి మాత్రమే రీమౌంట్ చేసి, లెక్క డిస్కుకు ఎక్కించేది.

రీమౌంట్‌లో రెండు దిశలూ సమానం కావని గమనించండి. రాసే హక్కు ఇవ్వడం తేలిక. ఇచ్చిన హక్కును వెనక్కు తీసుకోవడం కష్టం. ఏ ప్రోగ్రాం అయినా ఒక ఫైలును రాయడానికి తెరిచి ఉంటే కెర్నల్ ఒప్పుకోదు. ఇంకా చిత్రమైన సందర్భం ఒకటుంది. యూనిక్స్‌లో తెరిచి ఉన్న ఫైలు పేరును చెరిపేసినా ఫైలు వెంటనే పోదు. దాన్ని పట్టుకున్న చివరి ప్రోగ్రాం వదిలాక, అది ఆక్రమించిన చోటును ఖాళీగా డిస్కుపై రాయాలి. అంటే పేరు లేని ఫైలు ఒకటి బాకీ ఉందన్నమాట. ఆ బాకీ తీరేదాకా రీమౌంట్ కుదరదు. వ్యవస్థ గ్రంథాలయాలను నవీకరించాక పాతవాటిని పట్టుకున్న ప్రోగ్రాములు ఈ విధంగానే అడ్డుపడతాయి.

రీమౌంట్‌కు మరో ఉపయోగం ఆత్మరక్షణ. లైనక్స్‌లోని ఎక్స్‌ట్ కుటుంబపు ఫైల్ వ్యవస్థల్లో, తన లెక్కల్లోనే పొంతన లేదని కెర్నల్ గమనిస్తే వెంటనే చదవడానికి మాత్రమే రీమౌంట్ అయ్యేలా ముందే చెప్పి ఉంచవచ్చు. ఏ రోజైనా మీ యంత్రం హఠాత్తుగా చదవడానికి మాత్రమేనంటూ ఏ ఫైలునూ సేవ్ చేయనివ్వకపోతే, కోపంతో దాన్ని మళ్లీ రాసే స్థితికి రీమౌంట్ చేయకండి. ముందు ఫైళ్ల నకలు తీసుకోండి. డిస్కు పాడవుతూ ఉండవచ్చు. చదవనిస్తున్నంతసేపే మీకు అవకాశం.

చదవడానికి మాత్రమే అన్న మాటను కూడా అక్షరాలా నమ్మకూడదు. 2001లో లైనక్స్ 2.4 వరుసలో చేరిన ఎక్స్‌ట్3, మార్పులను ముందుగా జర్నల్ అనే చిట్టాలో రాసే పద్ధతి తెచ్చింది. దానివల్ల నలభై నిమిషాల పరీక్ష సెకన్లకు తగ్గింది. కానీ కరెంటు పోయి ఆగిన డిస్కును చదవడానికి మాత్రమే మౌంట్ చేసినా, కెర్నల్ ముందుగా ఆ చిట్టాను డిస్కుపై అమలు చేస్తుంది. వద్దంటే దానికి వేరే ఐచ్ఛికం ఇవ్వాలి. నేర పరిశోధనలో స్వాధీనం చేసుకున్న డిస్కును పరీక్షించేవారికి ఇది చిన్న విషయం కాదు. సాక్ష్యం వారి చేతుల్లోనే మారిపోతుంది.

డిస్కు లేని మౌంట్లు

1980ల తరువాతి పరిణామాలను క్లుప్తంగా చూద్దాం. 1984లో బెల్ ప్రయోగశాలల్లో టామ్ కిలియన్, నడుస్తున్న ప్రోగ్రాములనే ఫైళ్లుగా చూపించే ప్రాక్ ఫైల్ వ్యవస్థను రాశాడు. దాని వెనుక ఏ డిస్కూ లేదు. 1985లో సన్ సంస్థ ఎన్ఎఫ్ఎస్‌తో మరో యంత్రంలోని డైరెక్టరీని తీగల మీదుగా మౌంట్ చేసే వీలు కల్పించింది. ఇక 1992లో విశ్వవిద్యాలయాలకు విడుదలైన ప్లాన్ 9లో పాత యూనిక్స్ బృందం తన తొలి నియమాన్నే సడలించింది: చెట్టు అందరికీ ఒకటే కానక్కర లేదు, ఏ ప్రోగ్రాముల గుంపుకు ఆ గుంపు తనకు కావలసినట్టు మౌంట్లు అమర్చుకోవచ్చు.

ఈ ఆలోచన 2002లో లైనక్స్ 2.4.19 లోకి మౌంట్ నేమ్‌స్పేస్ అన్న పేరుతో వచ్చింది. ఒక డైరెక్టరీనే మరో చోట మౌంట్ చేసే బైండ్ మౌంట్ అంతకుముందే 2.4లో ఉంది. 2008లో వచ్చిన 2.6.26తో ఒకే ఫైల్ వ్యవస్థను ఒకచోట రాయడానికి వీలుగా, మరోచోట చదవడానికి మాత్రమే చూపించడం కుదిరింది. మీలో ఉద్యోగాలు చేస్తున్నవారు డాకర్ పేరు విని ఉంటారు. 2013లో వచ్చిన ఆ పనిముట్టు ప్రతి కంటైనర్‌కూ వేరే యంత్రమన్న భ్రమ కలిగించేది ప్రధానంగా ఈ ఏర్పాటుతోనే. లోపల ఉన్న ప్రోగ్రాముకు రూట్‌గా కనిపించేది బయటివారికి ఎక్కడో ఒక మామూలు డైరెక్టరీ.

మీ అధ్యయన కేంద్రంలో లైనక్స్ యంత్రం ఉంటే, ప్రాక్ డైరెక్టరీలోని మౌంట్స్ అనే ఫైలును తెరిచి చూడండి. మౌంట్ పట్టిక నకలును ఈటీసీ డైరెక్టరీలోని ఎంట్యాబ్ అనే మామూలు ఫైలులో రాసిపెట్టే అలవాటు పాతకాలంలో ఉండేది. కెర్నల్ దాన్ని చదివేది కాదు, అందుకే అది అప్పుడప్పుడు అబద్ధం చెప్పేది. ప్రాక్‌లో కనిపించేది కెర్నల్ స్వయంగా చెప్పే లెక్క. ఒక్కో వరుసలో పరికరం, అది తగిలిన చోటు, ఫైల్ వ్యవస్థ రకం, షరతులు ఉంటాయి. ఎన్ని వరుసలకు వెనుక నిజమైన డిస్కు ఉందో లెక్కపెట్టండి. ఆపై పెన్ డ్రైవ్ పెట్టి, కొత్తగా చేరిన వరుసలోని షరతులను చదవండి. యుమౌంట్ చేసి, ఆ వరుస పోయిందని చూసుకున్న తరువాతే డ్రైవ్‌ను తీయండి.